ఛాతీలో డీఫిబ్రిలేటర్‌తో రోజులు గడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ కొట్టి సరిచేసేందుకు ఛాతీలో అమర్చే డీఫిబ్రిలేటర్) పెట్టించుకుని ఇంటికొచ్చినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. ఆస్పత్రిలో ఇచ్చే చిన్న పుస్తకంలో గాయం సంగతి ఉంటుంది, సెల్‌ఫోన్ సంగతి ఉంటుంది. రాత్రి లైటు ఆర్పాక పట్టుకునే భయం గురించి మాత్రం రెండు వాక్యాలకు మించి ఉండదు. అందుకే ఇక్కడ ఆ భయానికే ఎక్కువ చోటిచ్చాం. ఒక్కొక్కరి మెషిన్‌లో సెట్టింగులు ఒక్కోలా ఉంటాయి కాబట్టి, ఇక్కడ రాసినదానికీ మీ డాక్టరు చెప్పినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

నాకు గుండెపోటు రాలేదు. మరి ఈ మెషిన్ ఎందుకు పెట్టారు?

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతే అది గుండెపోటు. గుండెలోని కరెంటు గాడి తప్పి, కింది గదులు రక్తాన్ని తోయలేక ఊరికే వణికిపోతుంటే అది గుండె ఆగిపోవడం. ఐసీడీ కాపలా కాసేది ఈ రెండోదానికి. అది నాళాల్లో అడ్డంకిని తీయదు, గుండెపోటును ఆపదు, బలహీనపడిన గుండె కండరాన్ని బాగుచేయదు. మెషిన్ ఉంది కదా అని మందులు మానేస్తే ప్రమాదమయ్యేది అందుకే.

ఇది పెట్టించుకునేవాళ్లు రెండు రకాలు. ఒకసారి గుండె ఆగి బతికి బయటపడినవాళ్లు, ప్రమాదకరమైన గుండె దడ వచ్చినవాళ్లు ఒక రకం. ఇప్పటిదాకా ఏమీ కాకపోయినా అయ్యే అవకాశం ఎక్కువున్నవాళ్లు రెండో రకం. ఎకో అనే గుండె స్కాన్‌లో గుండె పంపింగ్ శాతం 35 లేదా అంతకన్నా తక్కువ ఉండటం, వంశపారంపర్యంగా వచ్చే కొన్ని గుండె జబ్బులు ఉండటం ఈ రెండో రకం కిందికి వస్తాయి. ఈ రకంలో చాలామందికి ఏళ్ల తరబడి ఒక్క షాక్ కూడా కొట్టదు. అలాగని మెషిన్ దండగ అయినట్టు కాదు.

లోపల ఏం పెట్టారు?

కాలర్ ఎముక కింద, చర్మం లోపల, టైటానియం డబ్బా ఒకటి ఉంటుంది. బరువు దాదాపు 60 నుంచి 80 గ్రాములు. అందులో బ్యాటరీ, కరెంటును పోగుచేసే కెపాసిటర్లు, లెక్కలు కట్టే సర్క్యూటు ఉంటాయి. దాన్నుంచి ఒక వైరు సిర గుండా గుండె కుడి కింది గదిలోకి వెళ్తుంది. దాన్ని లీడ్ అంటారు. గుండె కొట్టుకోవడాన్ని వినేది అదే, షాక్ అందించేది కూడా అదే. కొందరికి పై గదిలో రెండో లీడ్ ఉంటుంది. గుండె రెండు వైపులా కలిసి కొట్టుకునేలా చేసే సీఆర్‌టీ-డీ రకంలో ఎడమ వైపుకు ఇంకో లీడ్ వెళ్తుంది.

గుండెలోకి, సిరల్లోకి ఏ వైరూ వెళ్లని రకం కూడా ఉంది. దాని డబ్బా ఎడమ చంక కింద పక్కటెముకల మీద ఉంటుంది, లీడ్ రొమ్ము ఎముక పక్కన చర్మం కిందే ఉంటుంది. షాక్ గుండెకు బయటి నుంచి వెళ్లాలి కాబట్టి దీనికి ఎక్కువ శక్తి కావాలి. గరిష్ఠంగా 80 జౌళ్ల దాకా ఇస్తుంది. సిర గుండా వెళ్లే రకంలో 35 నుంచి 40 జౌళ్లు చాలు.

ఐసీడీని రూపొందించిన డాక్టరు మిషెల్ మిరోవ్‌స్కీ బృందం 1980లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో మొదటిసారి మనిషికి దాన్ని అమర్చినప్పుడు ఛాతీ తెరవాల్సి వచ్చింది. డబ్బాను పొట్టలో పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు చాలామంది ఆపరేషన్ అయిన మర్నాడే ఇంటికెళ్తున్నారు.

షాక్ కొడితే ఎలా ఉంటుంది? నిజం చెప్పండి.

నొప్పి పుడుతుంది. ఛాతీ మీద ఎవరో గట్టిగా తన్నినట్టు, లేదా వెనక నుంచి దెబ్బ పడినట్టు ఉంటుందని చాలామంది చెబుతారు. ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడుతుంది, నోట్లోంచి అరుపు దానంతటదే వచ్చేస్తుంది. కానీ అది 10 నుంచి 20 మిల్లీసెకన్ల పని. ఏం జరిగిందో తెలిసేసరికే అయిపోయి ఉంటుంది. కాసేపు ఛాతీ మెత్తగా నొప్పిగా అనిపించవచ్చు, చేతులు వణకవచ్చు.

ఆ ముందు సెకన్లలో మెషిన్ ఏం చేస్తుందో తెలుసుకుంటే భయం కొంత తగ్గుతుంది. గుండె ఉన్నట్టుండి వేగం అందుకుంటుంది. మెషిన్ ప్రతి కొట్టుకోవడాన్నీ లెక్కపెడుతూ, ఈ వేగం దానంతటది తగ్గుతుందేమోనని కాసేపు చూస్తుంది. తగ్గకపోతే, చాలా రకాల దడల్లో ముందు షాక్ జోలికి పోదు. గుండె కన్నా కొంచెం వేగంగా ఎనిమిదో పదో చిన్న పేసింగ్ తాకిడులిచ్చి దడను తెంపడానికి చూస్తుంది. దీనికి నొప్పి ఉండదు. చాలామందికి ఇది జరిగిందనే తెలియదు, తర్వాతి చెకప్‌లో కంప్యూటర్ చూసి డాక్టరు చెప్పాల్సిందే. అదీ పనిచేయకపోతే కెపాసిటర్లు నింపుకోవడం మొదలుపెడుతుంది. అందుకు మామూలుగా పది సెకన్ల లోపే పడుతుంది. నిండాక కూడా ఇంకోసారి చూసుకుంటుంది. దడ ఆగిపోయి ఉంటే చాలాసార్లు షాక్ ఇవ్వకుండానే వదిలేస్తుంది. ఆగకపోతేనే కొడుతుంది. అప్పటికే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పినవాళ్లకు షాక్ కొట్టిన సంగతే గుర్తుండదు.

చర్మం కింద లీడ్ ఉండే రకం సొంతంగా ఈ పేసింగ్ ప్రయత్నం చేయలేదు. దాని దగ్గరున్నది షాక్ ఒక్కటే.

షాక్ కొట్టాక ఏం చేయాలి?

ఇది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి. షాక్ కొట్టిన క్షణంలో ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు.

ఒక్క షాక్ కొట్టి, నిమిషంలో తేరుకుని మామూలుగా ఉంటే: కూర్చోండి లేదా పడుకోండి. టైమెంతో, ఏం చేస్తుండగా కొట్టిందో, ముందు దడగానీ కళ్లు తిరగడంగానీ ఉందేమో రాసుకోండి. మీ మెషిన్‌ను చెక్ చేసే డివైస్ క్లినిక్‌కు అదే రోజు ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయితే పొద్దున్న చేయవచ్చు. పరుగెత్తాల్సిన పని లేదు.

ఒక్క షాకే కొట్టినా ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, గందరగోళం ఉంటే: అంబులెన్సును పిలవండి.

24 గంటల్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ షాక్‌లు కొడితే: ఎంత బాగున్నట్టు అనిపించినా అంబులెన్సును పిలవండి. సొంతంగా బండి నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లవద్దు. 24 గంటల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు మెషిన్ పని చేయాల్సి వస్తే డాక్టర్లు దాన్ని కరెంటు తుఫాను అంటారు. దానికి ఆస్పత్రిలో మందులతో వైద్యం కావాలి.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లకు తెలియాలి. ఒక దఫా దడకు మెషిన్ మహా అయితే ఐదు నుంచి ఎనిమిది షాక్‌లు కొట్టి ఆగిపోతుంది. మనిషి పడిపోయి, పిలిస్తే పలకకుండా, సరిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే మెషిన్ చూసుకుంటుందిలే అని నిలబడిపోవద్దు. వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా నొక్కాలి. బయటి డీఫిబ్రిలేటర్ దొరికితే వాడండి. దాని ప్యాడ్ మాత్రం ఐసీడీ ఉబ్బు మీద కాకుండా నాలుగు వేళ్ల దూరంలో అంటించండి.

షాక్ కొట్టే సమయానికి నన్ను ఎవరైనా ముట్టుకుని ఉంటే?

చిన్న జలదరింపు తెలిస్తే తెలుస్తుంది, అంతే. ఒళ్లో పాప ఉన్నా, పక్కన భార్య లేదా భర్త ఉన్నా వాళ్లకు హాని జరగదు. ఈ భయంతో పిల్లల్ని ఎత్తుకోవడం మానేసినవాళ్లున్నారు. దయచేసి మానకండి.

ఒక్కసారి కూడా షాక్ కొట్టలేదు. అయినా ఎప్పుడు కొడుతుందోనన్న భయం వదలట్లేదు. నాకొక్కడికేనా ఇలా?

కాదు. ఐసీడీ ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వైద్యం అవసరమయ్యే స్థాయిలో ఆందోళనో కుంగుబాటో ఉంటుంది. వయసు తక్కువవాళ్లలో, చాలా షాక్‌లు తిన్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. షాక్ ఒక్కటీ తినని వాళ్లలోనూ ఉంటుంది. ఎందుకంటే భయం షాక్‌ది మాత్రమే కాదు. ఎప్పుడైనా ప్రాణం పోవచ్చని ఒళ్లే గుర్తుచేస్తుంటుంది. చొక్కా వేసుకునేటప్పుడు చేతికి ఆ ఉబ్బు తగులుతుంది, పక్కకు తిరిగి పడుకుంటే కదులుతుంది.

భయం ఎలా పెరుగుతుందో చూడండి. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటుంది. అది అందరికీ జరిగేదే. వెంటనే వేళ్లు మణికట్టు మీదికి వెళ్తాయి, నాడి చూసుకుంటారు. చూసుకుంటున్నందుకే ఆందోళన పెరిగి, దాంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. చేతి గడియారం 104 చూపిస్తుంది. మళ్లీ చూస్తారు, 112. ఇక షాక్ కొట్టేస్తుందని మంచం అంచున బిగుసుకుని కూర్చుంటారు.

ఇక్కడ మీకు పనికొచ్చేది ఒక అంకె. మీ మెషిన్ ఎంత వేగం దాటితే వైద్యం మొదలుపెడుతుందో డివైస్ క్లినిక్‌లో అడగండి. చాలామందికి అది నిమిషానికి 180 నుంచి 200కి పైన ఉంటుంది. ఇంతకు ముందు నిదానమైన దడ వచ్చినవాళ్లకు తక్కువ ఉండొచ్చు. మీ అంకె 200 అని తెలిసిన రోజున గడియారంలో 112 చూస్తే అది ఒట్టి 112 మాత్రమే. ఆ అంకెను, మీకు ఐసీడీ ఉందని చూపించే కార్డు వెనక రాసి పెట్టుకోండి.

రెండోది, నాడి చూసుకోవడానికి ఒక హద్దు పెట్టుకోండి. రోజుకు ఇన్నిసార్లు అని మీ డాక్టరు చెప్పి ఉంటే అన్నిసార్లే. చెప్పకపోతే పొద్దున ఒకసారి చాలు. గడియారంలో గుండె వేగం అలర్టులు ఆపేయండి. మీ ఛాతీలో ఉన్నదే రాత్రీ పగలూ లెక్కపెడుతోంది, అదీ దాని కన్నా ఎంతో కచ్చితంగా.

మూడోది, ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాల పాటు. దీనితో ప్రమాదకరమైన దడ ఆగదు. భయం తెచ్చిన దడ మాత్రం నెమ్మదిస్తుంది. రెంటికీ తేడా అలా కూడా తెలిసొస్తుంది.

నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఇష్టమైన పనులన్నీ మానేస్తుంటే, పీడకలలు వస్తుంటే, బతకాలనిపించకపోతే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. డాక్టరుకు చెప్పండి. ఆలోచనల్ని, అలవాట్లను పట్టి చూసి మార్చుకునే కౌన్సెలింగ్ ఐసీడీ ఉన్నవాళ్లకు మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది. మందులు రాస్తే మాత్రం మానసిక వైద్యుడికి ఐసీడీ సంగతి తప్పక చెప్పాలి. కుంగుబాటుకు వాడే మందుల్లో కొన్ని ఈసీజీలో క్యూటీ అనే భాగాన్ని సాగదీస్తాయి. అది సాగితే దడ వచ్చే అవకాశం పెరుగుతుంది. అలా చేయనివి కూడా ఉన్నాయి, ఎంచుకోవాలంతే.

స్నానం చేస్తుండగా షాక్ కొట్టింది. అప్పట్నుంచి బాత్రూములో కాలు పెట్టలేకపోతున్నాను.

మెదడు తన పని తాను చేస్తోంది. దెబ్బ తగిలిన చోటును, ఆ సమయాన్ని, ఆ నీళ్ల చప్పుడును కలిపి ఒకే ముడి వేసింది. బాత్రూము షాక్ కొట్టలేదని మీకు తెలుసు, ఒంటికి ఇంకా తెలియలేదు. ఆ చోటికి వెళ్లకుండా ఉన్నన్ని రోజులూ ఆ ముడి బిగుస్తూనే ఉంటుంది. కాబట్టి కొంచెం కొంచెంగా వెళ్లాలి.

ముందు ఆ షాక్ ఎందుకు కొట్టిందో క్లినిక్‌లో తేల్చుకోండి. దడకు కొట్టిందా, లీడ్ పాడై కొట్టిందా, హీటర్ నుంచి కరెంటు లీకై కొట్టిందా అన్నది మెషిన్‌లోని రికార్డు చూస్తే తెలుస్తుంది. తేలాక మొదటి రోజు తలుపు తీసి ఉంచి, గడపలో నిలబడండి. గుండె దడదడలాడుతుంది. కొట్టుకోనివ్వండి. అది తగ్గడం మొదలయ్యేదాకా అక్కడే ఉండండి, భయం తారస్థాయిలో ఉండగా వెనక్కి రావద్దు. అలా వస్తే నేర్చుకోవాల్సిన పాఠం తలకిందులవుతుంది. తర్వాత లోపల స్టూలు మీద కూర్చోవడం, ఆ తర్వాత కొళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినడం, ఆ తర్వాత కాళ్లు కడుక్కోవడం, చివరికి తలుపు గడియ పెట్టకుండా స్నానం. ఒక మెట్టు మీద రెండు మూడు రోజులు విసుగొచ్చేదాకా ఉండి అప్పుడు పై మెట్టెక్కండి. మొదటి వారం ఎవరో ఒకరు బయట ఉండటం మంచిదే. తర్వాత వాళ్లను పంపేయాలి, లేకపోతే మీ ధైర్యం వాళ్ల మీదే ఆధారపడిపోతుంది.

అవసరం లేకుండా కూడా షాక్ కొడుతుందా?

కొడుతుంది. పై గదుల్లో పుట్టే దడను కింది గదుల దడగా పొరబడటం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. లీడ్ లోపల విరిగి గరగరమనే సంకేతాలు వస్తే వాటిని గుండె చప్పుడనుకోవచ్చు. ఈసీజీలోని టీ తరంగాన్ని ఇంకో కొట్టుకోవడంగా లెక్కేసి వేగాన్ని రెట్టింపుగా చూడవచ్చు. ఎర్త్ సరిగా లేని పరికరం నుంచి ఒంట్లోకి లీకయ్యే కరెంటు కూడా దాన్ని మోసం చేయగలదు.

ఇలాంటి షాక్ తిన్నవాళ్లకు మెషిన్ మీద నమ్మకం పోతుంది, కోపం వస్తుంది. అందులో తప్పులేదు. కానీ దీనికి చేయగలిగింది చాలా ఉంది. 2012లో వెలువడిన మాడిట్-రిట్ పరిశోధనలో 1,500 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మెషిన్ 200 దాటాకే స్పందించేలా, ఇంకో గుంపుకు ఎక్కువసేపు ఆగి స్పందించేలా పెట్టారు. పాత పద్ధతి సెట్టింగులతో పోలిస్తే అనవసర వైద్యాలు బాగా తగ్గాయి, మరణాలు కూడా తగ్గాయి. మీ సెట్టింగులు ఎప్పుడో పెట్టినవే అయితే ఒకసారి చూడమని అడగండి.

నిద్రలో షాక్ కొట్టి ఉలిక్కిపడి లేచాను. క్లినిక్‌లో చూస్తే ఏమీ కొట్టలేదన్నారు. నేను అబద్ధం చెబుతున్నాననుకుంటున్నారా?

లేదు. దీన్ని ఫాంటమ్ షాక్ అంటారు. నిద్రపట్టే వేళ ఎక్కువగా వస్తుంది. మీకు కలిగిన నొప్పీ భయమూ నిజమే, మెషిన్ మాత్రం ఏమీ ఇవ్వలేదు. అయినా ప్రతిసారీ చెక్ చేయించుకోవాల్సిందే, ఎందుకంటే ఇంట్లో కూర్చుని ఏది ఏదో తేల్చలేరు. తరచూ వస్తుంటే ఆందోళన పెరిగిందని అర్థం చేసుకుని దానికి వైద్యం తీసుకోండి.

ఇంట్లోవాళ్లు ఒక్క పనీ చేయనివ్వరు. రాత్రి నేను ఊపిరి తీసుకుంటున్నానో లేదో చూస్తుంటారు.

మీకు గుండె ఆగినప్పుడు మీరు స్పృహలో లేరు. చూసింది వాళ్లు. కాబట్టి కొన్ని ఇళ్లలో రోగి కన్నా ఇంట్లోవాళ్లకే భయం ఎక్కువగా ఉంటుంది. వాళ్లను కసిరితే అది తగ్గదు. తర్వాతి చెకప్‌కు వెంట తీసుకెళ్లండి. వాళ్ల ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి. ఛాతీ నొక్కడం నేర్పించండి. చేతికి పని దొరికితే కాపలా దానంతటదే సడలుతుంది.

ఆ తర్వాత ఒప్పందం చేసుకోండి: ఒంటరిగా అరగంట నడక, ఫోన్ జేబులో, మధ్యలో ఫోన్ చేయకూడదు.

ఆపరేషన్ అయ్యాక చెయ్యి ఎప్పుడు ఎత్తొచ్చు?

నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఆ వైపు మోచేతిని భుజం కన్నా పైకి ఎత్తవద్దు. నాలుగైదు కిలోలకు మించి బరువు మోయవద్దు. లీడ్ కొన గుండె గోడకు అతుక్కునే కాలమిది, లాగితే ఊడి రావచ్చు. అలాగని చేతిని ఒంటికి కట్టేసినట్టు ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. అది లీడ్ ఊడటం కన్నా ఎక్కువమందిని పీడిస్తుంది. భుజం కిందివరకు రోజూ ఆడిస్తూనే ఉండండి.

కుట్ల చోట ఎరుపు, వేడి, చీము, జ్వరం, డబ్బా మీద చర్మం పలచబడి మెరవడం, ఇవి ఎప్పుడు కనిపించినా, ఏళ్ల తర్వాత అయినా, వెంటనే ఐసీడీ పెట్టిన చోటికే వెళ్లండి. వాపు ఉంటే సూదితో నీరు తీస్తామని ఇంకెవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ సూది వెంటే క్రిములు డబ్బా దాకా వెళ్తాయి.

డబ్బాను వేళ్లతో అటూ ఇటూ తిప్పే అలవాటు చేసుకోకండి. తెలియకుండానే అలా తిప్పీ తిప్పీ లీడ్‌లను మెలిపెట్టి ఊడబీకుకున్నవాళ్లున్నారు.

వ్యాయామం చేయొచ్చా?

చేయాలి. ఆందోళనకు, గుండెకు, నిద్రకు ఇంతకన్నా మంచి మందు లేదు. మొదటి కొన్ని వారాలు పర్యవేక్షణలో చేయించే గుండె పునరావాస శిక్షణ దొరికితే అక్కడ మొదలుపెట్టండి. మానిటర్ తగిలించుకుని 130 దాకా గుండె వేగం పెంచి, ఏమీ కాలేదని కళ్లారా చూసుకోవడం వంద మాటల పెట్టు. మీ మెషిన్ అంకె కన్నా కనీసం 10 నుంచి 20 తక్కువలో ఉండేలా చూసుకోండి. ఒంటరిగా ఈత, ఎత్తులు ఎక్కడం వద్దు. స్పృహ తప్పితే ప్రమాదం అక్కడుంది. ఛాతీ మీద దెబ్బలు పడే ఆటల గురించి, పోటీ ఆటల గురించి మీ గుండె జబ్బేమిటో తెలిసిన డాక్టరే చెప్పాలి. కొన్ని వంశపారంపర్య జబ్బుల్లో తీవ్రమైన వ్యాయామం జబ్బునే ముదిరేలా చేస్తుంది.

దాంపత్య జీవితం?

గాయం మానాక, రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే మొదలుపెట్టవచ్చు. షాక్ కొట్టినా పక్కవాళ్లకు ప్రమాదం లేదు. మొదట్లో డబ్బా మీద బరువు పడకుండా చూసుకుంటే చాలు. భయం ఇద్దరిదీ అయితే ఇద్దరూ కలిసే డాక్టరును అడగండి. అడగడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపేస్తున్నవాళ్లు చాలామంది. కొన్ని గుండె మందులు కోరికను, శక్తిని తగ్గిస్తాయి. ఆ మందు మార్చే వీలుంటుంది. సొంతంగా మాత్రం ఆపేయవద్దు.

ఏ వస్తువుకు ఎంత దూరంలో ఉండాలి?

అయస్కాంతం దగ్గరికొస్తే ఐసీడీ దడను గమనించడం తాత్కాలికంగా మానేస్తుంది. అయస్కాంతం తీసేశాక మామూలవుతుంది. అసలు జాగ్రత్త ఇదే. సెల్‌ఫోన్, వైర్‌లెస్ ఛార్జర్, ఇయర్‌ఫోన్ల డబ్బా, అయస్కాంతపు బొత్తాం ఉన్న పర్సు వంటివి డబ్బాకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ వైపు చొక్కా జేబులో ఫోన్ పెట్టుకోవద్దు, అటువైపు చెవికి ఆనించవద్దు. ఇండక్షన్ స్టవ్‌కు 60 సెంటీమీటర్లు. డ్రిల్లింగ్ మెషిన్, నడుస్తున్న బండి ఇంజిన్ వంటివాటికి 30 సెంటీమీటర్లు. వెల్డింగ్ పని చేసేవాళ్లు మళ్లీ పనిలోకి దిగే ముందు ఎన్ని ఆంపియర్లో చెప్పి క్లినిక్‌ను అడిగి తీరాలి. ఒంట్లో కొవ్వు శాతం చెప్పే బరువు యంత్రాలు, నొప్పులకు కరెంటు పెట్టే టెన్స్ యంత్రాలు వాడవద్దు.

మైక్రోవేవ్, టీవీ, వైఫై, కంప్యూటర్, ఫ్యాను, వీటితో పేచీ లేదు. దుకాణాల గుమ్మాల్లో దొంగతనాన్ని పట్టే గేట్ల మధ్య నుంచి నడిచి వెళ్లిపోండి, ఆనుకుని నిలబడవద్దు. విమానాశ్రయంలో కార్డు చూపించండి. చేతి డిటెక్టరును డబ్బా మీద ఆపి ఉంచవద్దని చెప్పండి.

ఏదైనా పరికరం దగ్గర కళ్లు తిరిగితే, దడ వస్తే, మెషిన్ మోగితే చేయాల్సింది ఒక్కటే: దూరం జరగడం.

ఎమ్మారై, ఆపరేషన్లు, పంటి వైద్యం?

ఇప్పటి ఐసీడీల్లో చాలావాటికి షరతులతో ఎమ్మారై తీయవచ్చు. డబ్బా, లీడ్‌లు రెండూ అందుకు పనికొచ్చేవి అయి ఉండాలి. స్కాన్ సమయంలో షాక్ సెట్టింగు ఆపి, అయిపోగానే తిరిగి పెట్టాలి. పెట్టారో లేదో మీరూ అడిగి నిర్ధారించుకోండి. ఎక్స్‌రేకు, అల్ట్రాసౌండ్‌కు ఇబ్బంది లేదు. కరెంటుతో కోసే పరికరం వాడే ఆపరేషన్లకు ముందు డివైస్ క్లినిక్‌కు తెలియాలి. పన్ను తీయించుకోవడానికి ఐసీడీ ఉన్నంత మాత్రాన ముందస్తు యాంటీబయాటిక్ అక్కర్లేదు.

బండి ఎప్పుడు నడపొచ్చు?

ఇది దేశాన్ని బట్టి, మెషిన్ ఎందుకు పెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంకా దడ రానివాళ్లకు కొద్ది రోజుల నుంచి కొన్ని వారాలు, గుండె ఆగి బతికినవాళ్లకు, షాక్ తిన్నవాళ్లకు కొన్ని నెలలు ఆగమంటారు. బస్సు, లారీ నడిపి బతికేవాళ్లకు చాలా దేశాల్లో అనుమతి ఉండదు. అంటే ఒక కుటుంబం జీతం పోయినట్టే. మెషిన్ పెట్టించుకునే ముందే ఈ మాట డాక్టరుతో మాట్లాడుకోవాలి. సీటుబెల్టు మాత్రం మానవద్దు. రాపిడి ఉంటే మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టుకోండి.

మెషిన్ కూత పెడుతోంది!

కొన్ని రకాలు కూస్తాయి, కొన్ని వణుకుతాయి. బ్యాటరీ అయిపోవస్తోందనో, లీడ్‌లో తేడా ఉందనో అర్థం. అదే రోజు ఫోన్ చేయండి. బ్యాటరీ సంగతైతే కంగారు లేదు, హెచ్చరిక వచ్చాక కూడా మామూలుగా మూడు నెలల పాటు పనిచేసేలా తయారుచేస్తారు.

మంచం పక్కన పెట్టే మానిటర్ ఉంది కదా, ఏమైనా జరిగితే ఆస్పత్రివాళ్లే ఫోన్ చేస్తారా?

వెంటనే చేస్తారనుకోవద్దు. అది రాత్రిపూట సమాచారం పంపుతుంది, క్లినిక్‌వాళ్లు పని వేళల్లో చూస్తారు. అంబులెన్సు పని అది చేయదు. మంచానికి రెండు మూడు మీటర్ల లోపు ప్లగ్‌లో ఉంచండి.

బ్యాటరీ మార్చడమంటే మళ్లీ అదంతానా?

చాలావరకు కాదు. బ్యాటరీ డబ్బాలోనే సీలు చేసి ఉంటుంది కాబట్టి డబ్బా మొత్తం మారుస్తారు. లీడ్‌లు బాగుంటే వాటినే కొత్త డబ్బాకు తగిలిస్తారు. వాడకాన్ని బట్టి ఏడు నుంచి పన్నెండేళ్లకు ఒకసారి వస్తుంది. పేసింగ్, షాక్‌లు ఎక్కువుంటే ముందే వస్తుంది. చిన్న ఆపరేషనే అయినా ఇన్‌ఫెక్షన్ ముప్పు మొదటిసారి కన్నా ఎక్కువ. ఈ మెషిన్ నాకింకా అవసరమా, ఇదే రకం కావాలా అని అడగడానికి సరైన సమయం ఇదే. అడగండి.

అద్దంలో చూసుకోవాలంటే ఇష్టం లేదు.

సన్నగా ఉన్నవాళ్లకు, వయసులో ఉన్న ఆడపిల్లలకు ఈ బాధ ఎక్కువ. బ్రా పట్టీ, బ్యాగు పట్టీ సరిగ్గా దాని మీదే పడతాయి. వెడల్పు పట్టీ, కింద మెత్తటి గుడ్డ పనికొస్తాయి. డబ్బాను కండరం కింద పెట్టించుకోవడం, మచ్చ చంక వైపు వచ్చేలా కోత పెట్టించుకోవడం వీలవుతుంది, కానీ ఆపరేషన్‌కు ముందే అడగాలి. ప్రాణం దక్కింది చాలదా అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. ప్రాణం దక్కినందుకు సంతోషించడమూ, మచ్చ చూసి ఏడవడమూ ఒకే మనిషికి ఒకే రోజు జరుగుతాయి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే?

తేలిగ్గా తీసుకోవద్దు. ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోతే దడ రేగుతుంది. మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవాళ్లకు ఇంకా తొందరగా పడిపోతాయి. ఒక రోజు దాటితే రక్త పరీక్ష చేయించుకోండి. గుండె మాత్రలు కూడా వాంతిలో పోతుంటే ఆ సంగతి ఫోన్ చేసి చెప్పండి.

నాన్నగారికి క్యాన్సర్ ముదిరింది. ఆఖరి రోజుల్లో మెషిన్ షాక్‌లు కొడుతూనే ఉంటుందా?

ఆపకపోతే కొట్టవచ్చు. ప్రాణం పోయే వేళ గుండె లయ తప్పడం సహజం, మెషిన్‌కు అది తెలియదు. అందుకే షాక్ భాగాన్ని ముందుగా ఆపించవచ్చు. కోత ఉండదు, నొప్పి ఉండదు. కంప్యూటర్‌తో ఒక సెట్టింగు మార్చడమే. పేసింగ్ అలాగే నడుస్తుంది. ఆపిన క్షణాన ఏమీ జరగదు, ఊపిరి అలాగే ఉంటుంది, గుండె అలాగే కొట్టుకుంటుంది. ఇది ప్రాణం తీయడం కాదు, జబ్బు తన దారిన తాను వెళ్తున్నప్పుడు మధ్యలో దెబ్బలు పడకుండా చూడటం. ఆయన మాట్లాడగలిగిన రోజుల్లోనే ఆయనను అడగండి, ఆ నిర్ణయం ఆయనది. మనసు మారితే మళ్లీ పెట్టించుకోవచ్చని కూడా చెప్పండి.

సమయం మించిపోయి ఇంట్లోనే షాక్‌లు మొదలైతే, డాక్టరు సలహా మీద అయస్కాంతాన్ని డబ్బా మీద టేపుతో అంటిస్తే అది ఉన్నంతసేపు షాక్‌లు ఆగుతాయి. ఆఖరి దశలో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ నర్సును అడిగి ఒకటి దగ్గర పెట్టుకోండి.

దహనం చేసేట్లయితే ముందుగా డబ్బాను తీయించాలి, మంటల్లో బ్యాటరీ పేలుతుంది. షాక్ ఆపకుండా దాన్ని కోసి తీయబోతే తీసేవారికి కొట్టే ప్రమాదం ఉంది. ఒంట్లో ఐసీడీ ఉందన్న మాట ఆస్పత్రివాళ్లకు, అంత్యక్రియలు చేసేవాళ్లకు ఇంట్లో ఒకరు గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఎవరు చెప్పాలో ముందే అనుకోండి.